సివిక్ సెన్స్ కాదు, ఫైలు చూసే హక్కు

ఈ మధ్య మన వ్యాసకర్తలకి ఒక మాట బాగా దొరికింది: "మనవాళ్ళకి సివిక్ సెన్స్ లేదు." రోడ్డు మీద ఉమ్మితే అదే మాట, నాలాలో చెత్త సంచులు పడితే అదే మాట, చివరికి ఒక భవనం కాలి మనుషులు పోయినా అదే మాట. అమెరికా నుంచి సెలవులకి వచ్చిన మిత్రుడు ప్యారడైజ్ చౌరస్తాలో కారు అద్దం దించకుండానే ఈ తీర్పు ఇచ్చేస్తాడు. ఇక్కడే ఉంటున్న రచయిత దాన్ని నాలుగు పేజీలకి సాగదీస్తాడు. చదివినవాళ్ళు తలూపుతారు. తప్పు పక్కింటివాడిది అయిపోయింది కాబట్టి అందరికీ హాయిగా ఉంటుంది.

నాకు మాత్రం ఈ మాట వింటే చిర్రెత్తుకొస్తుంది. ఎందుకో చెప్పడానికి సికింద్రాబాద్ దాటి పోనక్కర్లేదు.

2022 సెప్టెంబరు 12 రాత్రి పాస్‌పోర్ట్ ఆఫీసు దగ్గర రూబీ లాడ్జి. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన గదులు. కింద అంటుకుంటే పొగ పైకి కమ్మింది, ఎనిమిది మంది చనిపోయారు. 2023 జనవరి 19న మినిస్టర్ రోడ్డులో డెక్కన్ మాల్. పొట్టకూటికి వలస వచ్చిన ముగ్గురు కార్మికులు లోపలే మిగిలిపోయారు. అదే ఏడాది మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్, ఆరుగురు. జిల్లాల నుంచి చిన్న చిన్న ఉద్యోగాలకి వచ్చిన, ఇరవైల్లో ఉన్న పిల్లలు. ఆరు నెలల నాలుగు రోజుల్లో మూడు మంటలు, పదిహేడు శవాలు. మూడు చోట్లూ ఒకదానికొకటి రెండు మూడు కిలోమీటర్ల లోపే.

ఈ పదిహేడు మందిలో సివిక్ సెన్స్ లేనిది ఎవరికి?

ప్రతిసారీ మంత్రులు వచ్చారు, నష్టపరిహారం ప్రకటించారు, భవనాలన్నీ తనిఖీ చేయిస్తామన్నారు. యజమానుల మీద కేసులు పెట్టారు. అవన్నీ అవసరమే. కానీ నా ప్రశ్న వేరు. సెప్టెంబరు మంట తర్వాత ఏ శాఖ ఏం చేస్తానని కాగితం మీద రాసుకుంది? జనవరి నాటికి అందులో ఎంత చేసింది? జనవరిలో తప్పు ఎక్కడుందో తెలిశాక, మార్చి లోపు ఎన్ని మెట్లదారులకి తాళాలు తీయించింది? ఈ మూడు ప్రశ్నలు లిఖితపూర్వకంగా అడిగి, లిఖితపూర్వకంగా జవాబు రాబట్టే అధికారం ఈ ఊళ్ళో ఏ మనిషికుంది?

ఎవరికీ లేదు. పోలీసు కేసు యజమాని నేరం చూస్తుంది, శాఖల పనితీరు చూడదు. శాఖలేమో ఒకటి కాదు. వాణిజ్య భవనం ఎత్తు పదిహేను మీటర్లు దాటితే అగ్నిమాపక శాఖ చూడాలి, దాటకపోతే కార్పొరేషన్ చూడాలి. నిర్మాణ అనుమతి ఒకరిది, వ్యాపార లైసెన్సు ఇంకో విభాగానిది, కరెంటు కనెక్షను మరొకరిది. ఏ ఫైలు విడిగా చూసినా అంతా సక్రమంగానే ఉండొచ్చు. మంట పుట్టేది ఫైళ్ళ మధ్య ఖాళీలో. నా ఉద్యోగంలో ఒక సర్వర్ రెండు గంటలు పడిపోతే, ఎవర్నీ తిట్టకుండా, ఎక్కడ ఏ తనిఖీ తప్పిపోయిందో నిమిషాలవారీగా రాసి అందరికీ పంపాలి. అది లేకుండా మర్నాడు పని మొదలవదు. పదిహేడు మంది పోయిన చోట ఆపాటి కాగితం నా కంటపడలేదు.

"యాప్ ఉంది కదా, ఫిర్యాదు పెట్టొచ్చు కదా" అంటారు. పెట్టాను. వీధి చివర మూత లేని మ్యాన్‌హోల్ గురించి ఒక స్థానిక సంస్థ యాప్‌లో పెడితే మూడో రోజు "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. మ్యాన్‌హోల్ నోరు తెరుచుకునే ఉంది. టికెట్లు మూసేసి లెక్క చూపించే ఈ విద్య సాఫ్ట్‌వేర్ వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే కాబట్టి నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు. అసలు లోపం అది కూడా కాదు. యాప్ ఒక్కొక్కడి గోడు విడివిడిగా వింటుంది. "ఈ ఏడాది మ్యాన్‌హోళ్ళ మూతలకి ఎంత ఖర్చయింది, ఆ మూతలెక్కడ?" అనే ప్రశ్నకి అందులో గడి లేదు.

ఆ గడి ఉన్న చోటు ఒకటి నాకు తెలుసు. సెలవులకొచ్చే మన మిత్రుడు ఉండే రాష్ట్రమే అది. తమాషా ఏమిటంటే అతనికే దాని సంగతి తెలీదు.

కాలిఫోర్నియాలో 58 కౌంటీలున్నాయి. ప్రతి కౌంటీలోనూ ఏటా ఒక గ్రాండ్ జ్యూరీని కూర్చాలి. గ్రాండ్ జ్యూరీ అనగానే మనకి హంతకుడు, బోను, సినిమా కోర్టు గుర్తొస్తాయి. ఇది అది కాదు. దీన్ని సివిల్ గ్రాండ్ జ్యూరీ అంటారు. చాలా కౌంటీల్లో పంతొమ్మిది మంది మామూలు పౌరులు. పదవీకాలం జూలై 1 నుంచి వచ్చే జూన్ 30 దాకా. వీళ్ళ పని కౌంటీనీ, దాని కింది నగరాలనీ, ప్రత్యేక బోర్డులనీ తనిఖీ చేయడం. పుస్తకాలు తెప్పించుకుంటారు, అధికారుల్ని పిలిచి అడుగుతారు, జైళ్ళు చూసొస్తారు, పేరుపేరునా నివేదికలు ప్రచురిస్తారు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాతి మెట్టు. నివేదికలో పేరొచ్చిన పాలకమండలి 90 రోజుల్లో, ఎన్నికైన అధికారి 60 రోజుల్లో జవాబివ్వాలి. "పరిశీలిస్తున్నాం" అని తప్పించుకోవడానికి వీల్లేకుండా జవాబు రూపాన్ని కూడా చట్టమే గీసిపెట్టింది. ప్రతి నిర్ధారణకీ ఒప్పుకుంటున్నారా లేదా, లేకపోతే ఎందుకు? ప్రతి సిఫార్సుకీ నాలుగే దారులు: అమలు చేశాం, ఫలానా తేదీకి చేస్తాం, ఇంకా అధ్యయనం కావాలి, కానీ ఆరు నెలల్లోపే, చేయం, కారణం ఇదీ. "చేయం" అనే హక్కు వాళ్ళకుంది. కానీ ఆ మాట సంతకం పెట్టి చెప్పాలి. జ్యూరీకి ఆజ్ఞాపించే అధికారం లేదు. చెప్పించే అధికారమే ఉంది.

ఇదేదో స్వర్గమని అనడం లేదు. రోజుకి చట్టం నిర్ణయించిన కనీస భత్యం 15 డాలర్లు. దాంతో ఎవరు వస్తారు? పని మానుకోగలిగినవాళ్ళు, రిటైరయినవాళ్ళు. పిల్లల్ని సాకే తల్లి, రెండు షిఫ్టులు చేసేవాడు రాలేరు. పైగా వివాదాలూ ఉన్నాయి. 2022 అక్టోబరులో, మనవాళ్ళు గుంపులుగా ఉండే శాంటా క్లారా కౌంటీ జ్యూరీ, శాంటా క్లారా నగర కౌన్సిల్లో మెజారిటీ సభ్యులు ఫుట్‌బాల్ జట్టు ఫార్టీనైనర్స్ ప్రయోజనాలకి కొమ్ముకాస్తున్నారని నివేదిక ఇచ్చింది. నవంబరులో ఎన్నికలు. సరిగ్గా ముందు ఇవ్వడం రాజకీయమని ఆరోపణలొచ్చాయి. ఆ నివేదికని ప్రచురణకి ముందే జట్టు మనుషులకి చేరవేసి, ఆ పైన అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు ఒక కౌన్సిల్ సభ్యుణ్ణి 2024 డిసెంబరులో కోర్టు దోషిగా తేల్చింది. అక్కడ నివేదిక ముందుగా బయటపెడితే నేరం. మన దగ్గర నివేదిక బయటికి రావడమే అద్భుతం.

ఇప్పుడు మళ్ళీ మన ఊరికి. సికింద్రాబాద్‌లో సగం కథ కార్పొరేషన్‌ది, సగం కంటోన్మెంట్‌ది. కంటోన్మెంట్ బోర్డుకి చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 జనవరిలో. అయిదేళ్ళు నిండాక రెండుసార్లు పొడిగించారు. 2021 ఫిబ్రవరిలో ఎన్నికైన సభ్యులు ఇళ్ళకెళ్ళారు. ఆ తర్వాత రెండు లక్షల పైచిలుకు జనం నెత్తిన ఉన్నది ముగ్గురు: అధ్యక్షుడిగా సైన్యాధికారి, సీఈఓ, కేంద్రం నామినేట్ చేసిన ఒక్క పౌర సభ్యుడు. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలని ప్రకటించారు. బోయిన్‌పల్లిలో, కార్ఖానాలో ఫ్లెక్సీలు కూడా లేచాయి. మార్చి మధ్యలో ఆ ప్రకటన రద్దయింది. పౌర ప్రాంతాల్ని కార్పొరేషన్‌లో కలిపేస్తాం, అందుకని ఎన్నికలొద్దు అన్నారు. కలపడమూ జరగలేదు, ఎన్నికలూ జరగలేదు, 2025 కూడా అలాగే గడిచిపోయింది. "ఎన్నికలే అసలైన తనిఖీ, నచ్చకపోతే ఓడించండి" అనే పెద్దమనుషులు దీనికేం చెబుతారో వినాలని ఉంది. ఎవర్ని ఓడించాలి? బ్రిగేడియర్‌నా?

అదే కంటోన్మెంట్‌లో రోడ్ల సంగతి చూడండి. 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం 258వ సెక్షన్ ప్రకారం వీధి మూయాలంటే ఒక పద్ధతుంది, నోటీసుంది, జనం అభ్యంతరాలు వినాలి. గేట్లు మాత్రం ఆ తతంగం లేకుండానే పడ్డాయి. కాలనీ సంఘాలు ఏళ్ళ తరబడి అర్జీలు పట్టుకు తిరిగాయి. 2018 మేలో రక్షణ శాఖ దేశమంతటా కంటోన్మెంట్ రోడ్లు తెరవమనేదాకా తిరుగుతూనే ఉన్నాయి. ఇలా చలికీ ఎండకీ తిరిగినవాళ్ళకి సివిక్ సెన్స్ లేదందామా? ఇక పికెట్ నాలా ఉంది. దానికి సరిహద్దులు తెలీవు. కంటోన్మెంట్‌లో ఎక్కిన నీరు కార్పొరేషన్‌లో ఇళ్ళు ముంచుతుంది. ఒక సంస్థని అడిగితే రెండో సంస్థ పేరు చెబుతుంది, రెండోదాన్ని అడిగితే మొదటిదాని పేరు.

"సమాచార హక్కు లేదా?" ఉంది. 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా తెలంగాణ సమాచార కమిషన్‌లో ఒక్క కమిషనరూ లేడు. అప్పీలు చేస్తే వినేవాడు లేని హక్కు అది. "లోకాయుక్త?" ఉన్నాడు. ఫలానా అధికారి మీద ఫలానా ఆరోపణ తీసుకెళ్ళాలి, నాలా మొత్తం తీసుకెళ్ళలేం. "వార్డు కమిటీలు?" మూడు లక్షలు దాటిన నగరాల్లో ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణం చెబుతుంది. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో ఈ వ్యాసం చదివే సికింద్రాబాద్ పాఠకులు ఒక్కసారి గుర్తు చేసుకోండి. గుర్తు రాకపోతే మీ తప్పేం లేదు.

అసలు సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. కాలిఫోర్నియా దాకా వెళ్ళక్కర్లేకుండా ఇలాంటి పని మన పల్లెల్లో జరిగింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. ఆ చట్టం 17వ సెక్షన్ గ్రామసభతో సామాజిక తనిఖీ చేయించమంది. చాలా రాష్ట్రాలు ఆ వాక్యాన్ని అలంకారంగా వదిలేశాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని నిజంగా పట్టించుకుంది. 2009లో దానికోసమే ప్రభుత్వం ఒక సొసైటీ పెట్టింది. కూలీ కుటుంబాల్లో నాలుగక్షరాలు వచ్చిన పిల్లలకి శిక్షణ ఇచ్చి మస్టరు రోల్సూ, కొలతల పుస్తకాలూ చేతికిచ్చారు. వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి "నువ్వు ఆ వారం పనికెళ్ళావా, ఇంత డబ్బు ముట్టిందా?" అని అడిగారు. చనిపోయినవాళ్ళ పేరున పడ్డ హాజర్లు, తవ్వని గుంటలు బయటపడ్డాయి. ఆఖర్న మండల కేంద్రంలో ప్రజావేదిక. ఒకవైపు ఎంపీడీఓ, ఇంకోవైపు కూలీలు, మధ్యలో మైకు.

అక్కడా లోపాలున్నాయి. తేలిన సొమ్ములో తిరిగి వసూలైంది కొద్దే. ఫీల్డ్ అసిస్టెంట్ల మీద పడ్డ కత్తి పైవాళ్ళ దాకా వెళ్ళలేదు. అయినా ఎనిమిదో తరగతి చదివిన కూలీ కొడుకు ఇంజినీరు రాసిన కొలతల పుస్తకం తెరిచి, టేపు పట్టుకుని గుంట లోతు కొలిచాడు. నేను ఇంజినీరింగ్ చదివాను, పన్ను కడతాను, మా వీధి రోడ్డు కొలతల పుస్తకం ఎలా ఉంటుందో కూడా చూడలేదు. నగరంలో చదువుకున్నవాడికి చైతన్యం ఉందనీ పల్లెలో లేదనీ మనం రాసుకున్న కథలన్నీ ఈ ఒక్క పుస్తకం దగ్గర తేలిపోతాయి.

"ప్రెస్ ఉంది కదా" అనేవాళ్ళకి కందుకూరి వీరేశలింగం గుర్తుండే ఉంటారు. 1874లో వివేకవర్ధని పెట్టి రాజమండ్రి కచేరీల్లో లంచాల్ని ఎండగట్టారు. మనం ఆయన్ని వితంతు వివాహాలకే పరిమితం చేసి, ఈ పనిని పాఠ్యపుస్తకాల్లోంచి దాదాపు జారవిడిచాం. కానీ ఒక్క మొండి మనిషి, ఒక్క అచ్చుయంత్రం మీద ఊరి లెక్కలు ఎన్నాళ్ళు నడుస్తాయి? వీరేశలింగాలు కోరుకుంటే పుట్టరు. జ్యూరీని లాటరీతో కూర్చొచ్చు.

నేనడిగేది ఇదీ. ఓటరు జాబితాలోంచి చీటీ తీసి పదిహేను మంది. అందులో ఇళ్ళల్లో పనిచేసే ఆవిడా ఉండాలి, ఆటో డ్రైవరూ ఉండాలి. 15 డాలర్ల తప్పు చేయకుండా వాళ్ళ రోజు కూలికి తగ్గని డబ్బివ్వాలి. ఏడాది పని. ఫైళ్ళు తెలుగులో వివరించే గుమస్తా ఒకరు. పరిధి సంస్థని బట్టి కాదు, ఊరిని బట్టి: కార్పొరేషన్, కంటోన్మెంట్, జలమండలి, అగ్నిమాపక శాఖ అన్నీ. 90 రోజుల్లో ఆ నాలుగు దారుల్లో ఏదో ఒక జవాబు.

"మామూలు జనానికి ఏం అర్థమవుతుంది?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది, అదీ ఎక్కువగా నాలాంటి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళ నుంచే. మెట్లదారికి తాళం ఉందా లేదా అన్నది అర్థం చేసుకోవడానికి డిగ్రీ అక్కర్లేదు. రాజకీయాలు చొరబడతాయంటారు. చీటీలో ఎవరి పేరు వస్తుందో ఎమ్మెల్యేకి ముందే తెలీదు. నామినేటెడ్ సభ్యుడి పేరు మాత్రం ముందే తెలుసు.

కార్పొరేషన్ చట్టం శాసనసభ చేతుల్లో ఉంది, కంటోన్మెంట్ చట్టం పార్లమెంటు చేతుల్లో. రెండింటినీ ఒకేసారి కదిలించడం మామూలుగా కష్టం. కానీ విలీనం కాగితాలు ఇప్పుడు రాష్ట్రానికీ కేంద్రానికీ మధ్య తిరుగుతూనే ఉన్నాయి. ఆస్తులెవరివి, అప్పులెవరివి, సిబ్బంది ఎవరి కిందికొస్తారు, రక్షణ శాఖ బోర్డుకి బాకీపడ్డ సర్వీస్ చార్జీల సంగతేమిటి అని పేజీలకి పేజీలు రాసుకుంటున్నారు. లెక్క ఎవరికి చెప్పాలి అనే పేరా కూడా అందులో రాయించాల్సింది ఇప్పుడే. ఆ జ్యూరీ ముందు మొదటి రోజున పెట్టాల్సిన ఫైళ్ళు మూడున్నాయి: రూబీ లాడ్జి, డెక్కన్ మాల్, స్వప్నలోక్.