ఆరేలోగా

సంక్రాంతికి సొంతంగా కార్డులు చేసి పంపాలని నా మేనకోడలు పూనుకుంది. చేతి తయారీ కాగితం మీద ఆల్కహాల్ ఇంకు చుక్కలు వేస్తే ఉన్నచోటే ఇంకిపోయాయి. పీల్చుకునే కాగితం మీద ఇది పారదు మరి. నున్నటి గ్లాసీ కార్డో, యూపో అనే పాలీప్రొపిలీన్ షీటో కావాలి. దానిపై రెండు చుక్కల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి స్ట్రాతో ఊదితే రంగు పరుగందుకుంటుంది. ఆల్కహాల్ ఆవిరయ్యాక అంచుల్లో రంగు గట్టు కడుతుంది. నచ్చకపోతే మరో చుక్క వేస్తే చాలు, ఆరిన రంగూ కరుగుతుంది. కిటికీలు మాత్రం తెరిచి ఉంచాలి, దరిదాపుల్లో మంట ఉండకూడదు. (శానిటైజర్ జెల్‌తో సరిపెట్టబోయాం. జిగురు మిగిలింది.)

అసలు చిక్కు లోపలి పేజీతో వచ్చింది. ''మావయ్యా, తాతయ్యకి ఏం రాయాలి?'' అంది. నాకూ తోచలేదు. హాస్టల్ వదిలాక నాన్నకు నేను ఒక్క ఉత్తరం రాస్తే ఒట్టు. ఫార్వర్డ్ చేసిన శుభాకాంక్షలే ఏటా. చివరికి అదే మోకాలి నొప్పి గురించి అడిగింది, నేను కింద నాలుగు ముక్కలు గీకాను. షీటు అతికించిన కార్డు 20 గ్రాములు దాటింది, రూ.10 స్టాంపులు పట్టాయి.

నాన్న దాన్ని కిటికీలో పెట్టుకున్నారు. ఈ రంగులు ఎండకు వెలిసిపోతాయని ఫోన్లో చెప్పాను. తీయలేదు.