సాలెపురుగుల సమరము



కోడిపందెములు, పొట్టేళ్ల పోరులు మన మెఱిగినవే. సాలెపురుగులను బెంచి పోరించు నాచార మొకటి జపాను దేశమున గలదు. ఆ దేశపు దక్షిణమున కగోషిమా మండలములో కజికి యను నూరున్నది. అది 2010వ సంవత్సరమున ఐరా నగరములో జేరినది. అచట ప్రతి సంవత్సరము జూన్ మాసపు మూడవ యాదివారమున జరుగు నీ యుత్సవమును 'కుమో గాస్సెన్' అందురు. కుమో యనగా సాలెపురుగు. గాస్సెన్ అనగా యుద్ధము. 1592 మొదలు 1598 వఱకు జరిగిన కొరియా దండయాత్రలో షిమజు యోషిహిరో యను ప్రభువు తన భటుల కుత్సాహము గల్పించుటకై దీనిని ప్రారంభించెనని యచటి వారి యైతిహ్యము.

ఇందు బోరునవి యాడుపురుగులే. మగపురుగు మిక్కిలి చిన్నది. పోరున కక్కఱకు రాదు. నల్లని మేనిపై పసుపుపచ్చని పట్టెలు గల యీ యాడుపురుగులను జనులు పొదలలో వెదకి తెచ్చి, యింట గూడు గట్టుకొననిచ్చి, యాహార మిడి పెంచుదురు. పోటీనాడు రమారమి రెండడుగుల కఱ్ఱ నడ్డముగ నిలిపి, దానిపై రెండింటి నెదురెదురుగ విడుతురు. ఎదిరి కడుపును గఱచినను, దానిని దారముతో జుట్టినను, వ్రేలాడుచున్న దాని పోగును ద్రెంచినను గెలుపే. చెంతనున్న న్యాయనిర్ణేత గెలుపోటములు తేలిన తక్షణమే వానిని జేతితో విడదీయును. పురుగుల యందమునకు వేఱుగ నొక పోటీయు గలదు. 1996లో జపాను ప్రభుత్వము దీనిని వివరములు వ్రాసి భద్రపఱుపదగిన జానపదాచారముగ గుర్తించినది.

నోరులేని ప్రాణిని మన వినోదమునకై పోరించుట తగునా? ఒక గూటిలోని కింకొకటి వచ్చినచో పోరుట వాని స్వభావమే యని కొందఱనవచ్చును. నిజమే. కాని యడవిలో నోడినది తొలగిపోవుటకు దారి యుండును. కఱ్ఱపై నుంచినది మనుష్యుడు. అన్నము పెట్టిన చేయియే రణమునకు బంపుట నా మనసున కెక్కదు. అందపు పోటీయొక్కటియే యున్న జాలునని నా తలంపు.

ఐనను ఆ పెంపకమున మనము గ్రహింపదగిన దొకటి గలదు. పురుగు నెచట వెదకవలయునో, దాని కేమి పెట్టవలయునో యెఱిగిన బాలుడు దానిని గాలితో ద్రొక్కడు. ఎఱుక భయమును బోగొట్టును. భయము పోయినచోట దయకు దావుండును. కావున మీ పిల్లలు సాలెపురుగును జూచి కేక వేసినప్పుడు, అది దారమెట్లు తీయునో, యీగ నెట్లు పట్టునో దగ్గఱ గూర్చుండబెట్టి చూపుడు. పందెము లేకయే యది వారికి జక్కని వేడుక.