బస్సు దిగి కొండ దాకా

ఆదివారం ఎక్కడికి పోదామని పిల్లలు అడిగితే మన బంగారు గనుల వూళ్లలో వచ్చే జవాబు ఒక్కటే: బెంగళూరు. వారంలో ఆరు రోజులు మారికుప్పం రైలులో నిలబడి ఆ వూరికే పోయివచ్చే తండ్రి ఏడవ రోజున కూడ ఆ రైలే ఎక్కవలసి వస్తున్నది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత మన బ్రతుకంతా పడమటి దిక్కుకే తిరిగిపోయింది. తక్కిన మూడు దిక్కులలో ఏమున్నదో మన పిల్లలలో చాలామందికి తెలియదు. చాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగి పనిచేసినవారి మనుమలు, భూమి మీద మూడు కిలోమీటర్లు నడిచి ఒక కొండనైనా చూడలేదంటే వినేవారికి నవ్వు వస్తుంది. మనకు మాత్రం నవ్వు రాగూడదు.

కారు లేదు గదా అంటారు కొందరు. కారు ఎందుకు? బస్సు వున్నది, కాళ్లున్నవి.

పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్లుగా కాదు గాని, ఒక పరదేశపు సంగతి ఇక్కడ చెప్పవలసి వున్నది. జర్మనీలో నల్ల అడవి అని పేరుగల కొండప్రాంతం కలదు. అక్కడి జనం సెలవు రోజున పల్లె బస్సు ఎక్కి ఒక వూరిలో దిగుతారు. అడవిలో నడిచి మరొక వూరిలో బస్సు ఎక్కి ఇల్లు చేరుకుంటారు. కారులో పోయినవాడు కారు నిలిపిన చోటికే మళ్లీ రావలె. బస్సులో పోయినవానికి ఆ బంధం లేదు. అక్కడ బస చేసే యాత్రికులకు చాలా వూళ్లలో ఒక చీటీ ఇస్తారు. దానితో ఆ ప్రాంతపు బస్సులలోను రైళ్లలోను టిక్కెట్టు లేకుండ తిరగవచ్చును. దారి తప్పకుండ చెట్లకు, స్తంభాలకు ఎరుపు, నీలం, పసుపు రంగుల డైమండు గుర్తులు వుంటవి. అవి పెట్టినది ప్రభుత్వమని మనం అనుకుంటాము. కాదు. 1864లో పుట్టిన ఒక సంఘం వారు, మనవంటి సామాన్య సభ్యులే, తమ తీరిక వేళలలో ఆ గుర్తులు పెట్టి, తరతరాలుగా వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు. ఈ ఒక్క మాట పాఠకులు జ్ఞాపకం వుంచుకొనవలెనని మా కోరిక.

మనకూ అనుకూలాలు లేకపోలేదు. 2023 జూన్ 11 నుండి కర్ణాటకంలో స్త్రీలకు ప్రభుత్వపు సాధారణ బస్సులలో ప్రయాణం ఉచితమైనది. ఈ రాష్ట్రపు చిరునామాగల గుర్తింపు కార్డు చేతిలో వుంటే చాలును. అంటే అవ్వకు, అమ్మకు, ఆడపిల్లలకు ఖర్చు లేదు. టిక్కెట్టు కొనవలసినది ఇంట్లోని మగవారే! ఇన్నాళ్లూ “మేమంతా వస్తే ఎంత అవుతుందో” అని వెనుకాడిన ఇల్లాండ్రకు ఇక ఆ సంకోచం అక్కరలేదు. బస్సు బోర్డులు కన్నడంలో వుంటవి. తెలుగు అక్షరాలు వచ్చినవారు ఒక గంట శ్రద్ధ పెడితే వాటిని కూడబలుక్కొని చదువవచ్చును.

ఇక ఎక్కడికి పోవలె? తేలికైనదానితో మొదలుపెడదాము.

మొదటిది కమ్మసంద్ర. రాబర్ట్‌సన్‌పేటకు అయిదారు కిలోమీటర్ల దూరం. కోటిలింగేశ్వరుని గుడి, నూట ఎనిమిది అడుగుల లింగం అందరూ చూచినవే. మేము చెప్పేది గుడిని గురించి కాదు, తిరుగుదారిని గురించి. ప్రొద్దున్నే బస్సులో పోయి, దర్శనం చేసికొని, ఎండ ముదరక ముందే నడిచి వచ్చేయవలెను. చిన్నపిల్లలకు, చాలాకాలంగా నడక మానినవారికి ఇది మంచి పరీక్ష. దీనికి తట్టుకున్నవారు ముందుకు పోవచ్చును.

రెండవది బేతమంగళం. పాలారు నీటిని పట్టి నిలిపిన ఆ పెద్ద చెరువు నుండే గనుల వూళ్లకు గొట్టాలలో నీరు వచ్చింది. మన తాతలు త్రాగిన నీళ్లు ఎక్కడివో పిల్లలకు చూపించవద్దా? చెరువు కట్ట మీద నడక శ్రమ లేనిది. అక్కడికి సమీపంలోనే గుట్టహళ్ళి, అంటే బంగారు తిరుపతి. చిన్న గుట్ట మీద వేంకటరమణస్వామి. ఆరు రంధ్రాలుగల కిటికీ గుండా స్వామిని చూడవలెను. ఎదుటి గుట్ట మీద అమ్మవారు. ఒక గుట్ట ఎక్కి దిగి మరొకటి ఎక్కేసరికి కాళ్లకు తగిన పని దొరుకుతుంది.

మూడవది ఆవని. ముళబాగిలులో బస్సు మారవలెను. అక్కడికి పన్నెండు పదమూడు కిలోమీటర్లు. కొండ క్రింద రామలింగేశ్వరుని గుడి, దానితో పాటు లక్ష్మణ, భరత, శత్రుఘ్నుల పేర్లతో ఈశ్వరాలయాలు వెయ్యేండ్ల నాటివి. నొళంబ రాజుల కాలపు పని. కొండపైన సీతమ్మ గుడి. వాల్మీకి ఆశ్రమం ఇదేననీ, కుశలవులు ఇక్కడే పుట్టారనీ స్థలపురాణం. దారి పొడుగునా బండలు, వాటిలో అక్కడక్కడ నీటి గుంటలు. పైకి చేరిన తరువాత నాలుగు దిక్కులా చెరువులు, రాగి చేలు, మల్బరీ తోటలు కనబడతవి. ఇదంతా మన జిల్లాయే. ముళబాగిలు దాకా పోయినవారు కురుడుమలె కూడ చూడవచ్చును. అక్కడి ఏకశిలా గణపతి విగ్రహం పదమూడున్నర అడుగుల ఎత్తు.

నాలుగవది అంతరగంగె. కోలారు బస్సు స్టాండుకు మూడు నాలుగు కిలోమీటర్లు. రాతిమెట్లు ఎక్కితే కాశీవిశ్వేశ్వరుని గుడి, నంది నోటి నుండి యెండాకాలంలో కూడ ఆగని ధార. చాలామంది అక్కడి నుండే తిరిగి వస్తారు. గుడికి పైన బండల మధ్య దారి వున్నది, గుహలున్నవి. ఇంకా పైకి పోతే శతశృంగ పర్వతం మీద తేరహళ్ళి వంటి పల్లెలు, పొలాలు! కొండ కొనన వూరు వున్నదంటే పిల్లలు మొదట నమ్మరు. అయితే గుహలు ఇరుకైనవి, జారుడువి. తెలిసినవారు తోడు లేకుండ వాటిలో దూరరాదు. అటవీశాఖవారి నిబంధనలు ముందే విచారించుకొనవలెను. చేతిలో తినుబండారం కనబడితే కోతులు వూరుకోవు.

హైదరాలీ పుట్టిన బూదికోట పేరు కూడ కొందరు అడుగవచ్చును. కోట గుట్ట చూడదగినదే. కాని బూదికోట, కామసముద్రం వైపు ఏనుగులు తిరుగుతుంటవి. అక్కడ పొద్దు వాలిన తరువాత నడక పనికిరాదు. వూరివారిని అడగకుండ చేల గట్లు పట్టి పోవడం అసలే కూడదు. అట్లే మన ఇంటి ప్రక్కనే వున్న సైనైడు దిబ్బలలోను, పాడుపడిన గని నోళ్ల దగ్గరను పిల్లలను తిరగనీయరాదు. అది వ్యాహ్యాళి స్థలం కాదు.

పోయేవారికి నాలుగు మాటలు. తిరుగు బస్సు సంగతి తేల్చుకొని గాని బయలుదేరవద్దు. దిగేటప్పుడే కండక్టరును అడిగితే చెబుతాడు: కడపటి బస్సు ఎప్పుడు, ఎక్కడ నిలుస్తుంది అని. బడిపిల్లల కోసం నడిచే బస్సు ఆదివారం రాకపోవచ్చును, ఇది మరవరాదు. కడపటి బస్సును నమ్ముకోక, దాని ముందరి బస్సుకే నడక ముగించవలెను. నీళ్లు ఇంటి నుండే తీసుకొని పోండి. 2018 నుండి మన జిల్లా చెరువులలో అనేకం బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి పంపగా నిండినవి. చూడడానికి చక్కగా వున్నా త్రాగడానికి కాదు. చిత్రాన్నం, పెరుగన్నం మూట చాలును. కార్తీకం నుండి మాఘం దాకా నడకకు మంచి కాలం. ఇల్లు చేరేసరికి పితికిన పప్పు కూర సిద్ధంగా వుంటే ఇంకేమి కావలె!

ఇప్పుడు అసలు విషయం. ఎవరూ నడవని కాలిబాట రెండేళ్లలో చేనిలో కలిసిపోతుంది. ఎవరూ ఎక్కని బస్సును ఒకనాడు నిలిపివేస్తారు. ఏ వూరి నుండి ఏ వూరికి అడ్డదారి వున్నదో ఎరిగినవారు మన ఇళ్లలో ఇంకా వున్నారు: జాతరకు, పెండ్లికి, సంతకు నడిచిపోయిన తాతలు, అవ్వలు. వారి తరువాత అడగడానికి ఎవరుంటారు?

ఆ జర్మనీ సంఘంవారివలె రంగు డబ్బాలు పట్టుకొని కొండలెక్కమని మేము చెప్పడం లేదు. ఒక నోటుపుస్తకం చాలును. ప్రతి కుటుంబం ఒక్క దారి నడిచి, ఎక్కడ దిగినదీ, ఏ వైపు తిరిగినదీ, ఎంతసేపు పట్టినదీ, తిరుగు బస్సు ఎన్ని గంటలకు దొరికినదీ వ్రాసి మాకు పంపవలెను. వచ్చినవి వచ్చినట్లు ఈ పుటలోనే ప్రకటిస్తాము. ఇంట్లో పెద్దవారు చెప్పిన అడ్డదారి అయితే వారి పేరు కూడ వ్రాయండి. ఆ దారికి ఆ పేరే పెడదాము.