ఎంగిలి లేని గిన్నె

నెలలో మొదటి ఆదివారం. ఆరాధన చివరికొచ్చేసరికి చర్చిలో సందడి సద్దుమణుగుతుంది. బల్ల మీద తెల్లటి గుడ్డ, దాని కింద పళ్లెంలో రొట్టె, గిన్నెలో ద్రాక్షరసం. ఆడవాళ్లు కొంగు తలమీదికి లాక్కుంటారు. పిల్లలు బెంచీల్లోనే ఉండిపోతే పెద్దవాళ్లు వరసకట్టి ముందుకెళ్తారు. చిన్న రొట్టెముక్క, ఒక్క గుక్క రసం... అంతే. ఆకలి తీరదు, దాహమూ తీరదు. మరి దానికింత భయభక్తులెందుకు?

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల్లో ఈ విందుకు పేర్లు చాలానే. ప్రభు సంస్కారమని కొందరు, బల్ల అని కొందరు, రొట్టె విరవడమని మరికొందరు అంటారు. కథోలికులకు అది దివ్యసత్ప్రసాదం. మూలం మాత్రం ఒక్కటే. సిలువకు ముందురాత్రి యేసు తన శిష్యులతో కలిసి తిన్న చివరి భోజనం. ఆ రొట్టె నిజంగా క్రీస్తు శరీరమే అవుతుందని కథోలికుల విశ్వాసం. బాప్టిస్టులకు అది ఆయన మరణాన్ని తలచుకునే గుర్తు.

జ్ఞాపకం విలువ దివిసీమకు ఒకరు చెప్పాలా! 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకున్న నేల అది. పోయినవాళ్ల పేరు మీద నలుగురికి అన్నం పెట్టడం మన ఇళ్లలో ఉన్నదే. తలచుకోవడమంటే ఊరికే తలచుకోవడం కాదు, కలిసి తినడం.

ఆ 'కలిసి' దగ్గరే ఉంది అసలు చిక్కు. మనకు ఎంగిలి పట్టింపు ఎక్కువ. పైగా కొందరికి గ్లాసు ఇవ్వకుండా దోసిట్లో నీళ్లు పోసిన ఊళ్లు మనవి. టీకొట్లో రెండు రకాల గ్లాసులు పెట్టిన ఊళ్లూ మనవే. అలాంటిచోట అందరి పెదవులకూ ఒకే గిన్నె అందించడం చిన్న మాటా?

మచిలీపట్నానికి ఆ సంగతి బాగా తెలుసు. 1841లో వచ్చిన రాబర్ట్ నోబుల్ 1843లో ఇక్కడ బడి పెట్టాడు. అగ్రవర్ణాల పిల్లల కోసం పెట్టిన బడి అది. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకుంటే ఊరు అట్టుడికింది, బడి ఖాళీ అయింది. ఏడేళ్లు తిరక్కుండానే, 1859లో, కృష్ణాజిల్లా రాఘవాపురంలో మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్య అదే మిషన్‌లో క్రైస్తవుడయ్యాడు. అటు బడి నుంచి వచ్చినవాళ్లకూ, ఇటు పల్లె నుంచి వచ్చినవాళ్లకూ సంఘం ఒక్కటే, బల్లా ఒక్కటే!

మిషన్ల మధ్య కూడా గోడలుండేవి. ఒకరి బల్ల దగ్గర మరొకరికి చోటుండేది కాదు. ఆ గోడలు పోవాలని దోర్నకల్ బిషప్ అజరయ్య ఏళ్ల తరబడి పాటుపడ్డారు. 1945లో ఆయన కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం పుట్టింది.

అయినా కథ అక్కడితో సుఖాంతం కాలేదు. ఒకే ఊళ్లో మాలపల్లెకో చర్చి, మాదిగపల్లెకో చర్చి ఉన్నచోట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇది కొత్త రోగం కాదు. తొలి శతాబ్దంలోనే కొరింథు సంఘంలో ఉన్నవాళ్లు ముందే కడుపునిండా తినేస్తే లేనివాళ్లు పస్తున్నారట. పౌలు వాళ్లను గట్టిగానే మందలించాడు. పక్కవాడి ఆకలి పట్టనప్పుడు మీరు తినేది ప్రభువు భోజనమే కాదన్నది ఆయన మాటల సారం.

2020లో కరోనా వచ్చి చర్చిల తలుపులు మూయించింది. తెరిచాక చాలాచోట్ల ఒకే గిన్నెకు బదులు ఎవరి చిన్నకప్పు వాళ్లకు ఇచ్చారు. జబ్బు భయంతో కప్పులు వేరైతే తప్పులేదు. మనుషులు వేరుకాకుంటే చాలు.

బల్ల దగ్గర పక్కపక్కనే మోకరించినవాళ్లు సోమవారం పొద్దున చెరువుగట్టు మీద ఎదురుపడతారు. అప్పుడు ఒకరినొకరు ఎలా పలకరించుకుంటారన్నదే ఆ రొట్టెముక్కకు అసలు అర్థం.