బీరువాల్లో మగ్గుతున్న పరిశోధన
ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉన్నది విజయవాడలోనే, దానికి సొంత వైద్య జర్నల్ కూడా ఉంది. అయినా కృష్ణా డెల్టా వార్డుల్లో పీజీ వైద్యులు కష్టపడి రాసిన థీసిస్‌లు ఎన్నో పరీక్ష గట్టెక్కగానే బీరువా చేరుతున్నాయి. వరిచేలో పాము కాటేసిన కూలీల గురించి, పురుగుమందు తాగి వచ్చినవాళ్ల గురించి మన వైద్యులకున్న అనుభవం బోస్టన్ ఆసుపత్రుల్లో దొరికేది కాదు. దాన్ని లోకానికి చెప్పాలంటే వంద పేజీల థీసిస్‌ను ఒకే ప్రశ్న చుట్టూ మూడు వేల మాటలకు కుదించాలి. ముందు పట్టికలు తేల్చుకుంటే రాత సులువవుతుంది. క్లినికల్ ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చుకోకముందే దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో నమోదు చేయాలి; రోగులను చేర్చుకున్నాక చేస్తామంటే 2018 ఏప్రిల్ నుంచి కుదరదు. పనిచేయని పెద్దల పేర్లు మర్యాద కోసం రచయితల జాబితాలో చేర్చడాన్ని మాత్రం నేను ససేమిరా ఒప్పుకోను. అంతర్జాతీయ వైద్య జర్నల్ సంపాదకుల కమిటీ లెక్కలో, పరిశోధనలో గట్టి పాలు పంచుకుని, రాతలోనో దిద్దుబాటులోనో చెయ్యి వేసి, తుది ప్రతిని ఆమోదించి, దానికి జవాబుదారీగా నిలిచినవాళ్లే రచయితలు. ఇక డబ్బు కడితే వారంలో అచ్చేస్తామనే ఈమెయిళ్లు! హైదరాబాద్‌కు చెందిన జర్నళ్ల ప్రచురణ సంస్థ ఓమిక్స్ సమీక్ష విషయంలో, రుసుముల విషయంలో పరిశోధకులను మోసగించిందని తేల్చి, 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమంది. అలాంటి చోట పడితే నికార్సయిన డేటాకూ విలువ పోతుంది. మంచి జర్నల్ తిప్పి పంపితే కుంగిపోవద్దు: సమీక్షకులు అడిగిన ఒక్కో ప్రశ్నకూ జవాబు రాసుకుని, పత్రం సరిదిద్ది, అప్పుడు మరో జర్నల్‌కు పంపండి, ఒకేసారి రెండింటికి కాదు.