చైత్రమాసపు బాటసారులు

శీతకాలమున పులికాటు సరస్సునకు వచ్చు ఫ్లెమింగోలను జూచుటకు సూళ్లూరుపేటలో జనము తీర్థమువలె మూగుదురు. పండుగ ముగిసి జనము మరలిన పిదప, ఫాల్గుణ చైత్రములందు అచ్చట నింకొక విశేషము జరుగును. దానిని జూచువారరుదు.

బురదమేటలపై చిన్నపక్షులు గుంపులు గుంపులుగా పరుగులిడుచుండును. వీనిని మనవారు ఉల్లంకులందురు. శీతకాలమంతయు మట్టిరంగుననుండు వీనిలో, ముక్కు క్రిందికి వంగిన జాతి యొకటి వసంతమున ఇటుకవలె ఎఱ్ఱబడును. అది ప్రయాణమునకు గుర్తు. ఆ పక్షి గూడుకట్టునది సైబీరియా ఉత్తరపుటంచున. ఇచ్చటికి ఆరువేల కిలోమీటర్లకు పైమాట. బురదలోని పురుగులను దిని పెంచుకొన్న క్రొవ్వే దానికి దారిబత్తెము. పొట్టిముక్కు పక్షి పైపొరను, పొడుగుముక్కు పక్షి లోపొరను వెదకును. ఒకే మేట పలుజాతులకు పంక్తిభోజనము పెట్టుచున్నది.

“బురదయే గదా” యని కొందరనవచ్చును. దక్షిణ కొరియాలో సేమంగుమ్ వద్ద 33 కిలోమీటర్ల గోడకట్టి 2006లో సముద్రపుపోటు నరికట్టిరి. వసంతయాత్రలో అచ్చట దిగి సేదదీరు పక్షిసమూహములు ఘోరముగా క్షీణించినవి. నడిదారి సత్రము పడగొట్టినచో బాటసారి గమ్యము చేరుటెట్లు? మన వంగముక్కు ఉల్లంకియు 2024లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారి ముప్పుజాబితా కెక్కినది.

కావున మనము చేయవలసినవి రెండు గలవు. సరస్సు ముఖద్వారములు ఇసుకతో పూడినపుడు పోటునీరు లోనికి రాదు. నీరు వేగిరమే యింకును. అప్పుడు జాలరికిని పస్తే, పక్షికిని పస్తే. ద్వారములు తెఱచియుంచుడని జాలరులు పెట్టు మొఱను ప్రభుత్వము పక్షుల మొఱగా గూడ వినవలెను. రెండవది లెక్క. జనవరిలో జరుగు నీటిపక్షుల గణన వచ్చినవానిని దెలుపును. ఎన్ని బలిసి, రంగుమారి, ప్రయాణమునకు సిద్ధపడినవో వసంతపు లెక్కయే తెలుపగలదు. సూళ్లూరుపేటనుండి సరస్సు నడుమగా శ్రీహరికోటకు బోవు బాటపై, ప్రాతఃకాలమున దుర్భిణులతో నిలువగల విద్యార్థులు కొందరున్న చాలును.

పైరు పండని నేలయెల్ల బంజరని యెంచుట మనకు పరిపాటి. మన కంటికి బంజరైన ఆ బురదయే ఉత్తరధ్రువప్రాంతమున రేపటి పక్షిపిల్లకు ఊపిరి. సత్రములు కట్టించి పుణ్యము గడించిన వంశములవారు, దైవము కట్టించిన సత్రమును పాడుపడనీయరాదు.