తడి ఉన్న నేలను సిమెంటుతో కప్పేద్దామా?

పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

వచ్చే సర్వసభ్య సమావేశం ముందుకు రెండు ప్రతిపాదనలు వస్తున్నాయి. హాలు వెనక ఆవరణంతా పేవర్ బ్లాకులు పరిపించడం ఒకటి, వానలు మొదలవగానే పురుగుల మందు కొట్టించడం రెండోది. రెండింటికీ చెబుతున్న కారణం ఒకటే. కుండీల కింద, రాళ్ల కింద బూడిద రంగు పురుగులు ఎక్కువయ్యాయట. ముట్టుకుంటే గోలీలా చుట్టుకుపోతాయే, అవే. నా మాట సూటిగా చెబుతున్నాను: రెండూ వద్దు.

ముందు వీటి సంగతి తెలుసుకుందాం. ఇవి కీటకాలు కావు, పీతలకీ రొయ్యలకీ చుట్టాలు. ఏడు జతల కాళ్లుంటాయి. నేల మీదికి వచ్చినా నీటి అవసరం వీటిని వదల్లేదు. పొట్ట కింద ఉండే మొప్పల్లాంటి భాగాలతో ఊపిరి తీసుకుంటాయి, అవి తడిగా ఉంటేనే పని జరుగుతుంది. కీటకాలకు ఒంట్లో నీరు పోకుండా కాపాడే మైనపు పూత ఉంటుంది, వీటికి ఆ రక్షణ చాలా తక్కువ. పొడిగాలిలో ఎక్కువసేపు ఉంటే ఎండిపోయి చచ్చిపోతాయి. గోలీలా చుట్టుకునేది శత్రువు భయంతోనే కాదు, ఉన్న తడిని కాపాడుకోవడానికి కూడా.

తడి ఉన్న చోటికి ఎలా చేరతాయి? 1937లో గన్ అనే శాస్త్రవేత్త వీటి దగ్గరి జాతి ఒకదాని మీద పరీక్షలు చేశారు. పొడిగాలిలో అవి ఎక్కువగా తిరుగుతాయి, తేమ గాలిలో ఎక్కువసేపు కదలకుండా ఉండిపోతాయి. తిరిగి తిరిగి, తడి తగిలిన చోట ఆగుతాయన్నమాట. అలా ఆగినవన్నీ కలిసి మనకు గుంపుగా కనిపిస్తాయి. నమ్మకం లేకపోతే ఒక ట్రేలో సగం తడి కాగితం, సగం పొడి కాగితం వేసి, ఓ పది పురుగులను వదిలి పిల్లలకు చూపించండి. భయం పోయి సైన్సు వస్తుంది.

ఇప్పుడు మన ఆవరణ చూడండి. కూలర్ నీళ్లు కారే మూల, పైపు లీకయ్యే గోడ పక్క, ఎండుటాకులు పోగుపడిన చోటు. పురుగులు ఉన్నది అక్కడే. మందు కొడితే ఇవాళ్టివి చస్తాయి. తడి అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ వేరేవి చేరతాయి. గోడలోకి నీరు ఇంకుతోందని అవి ఉచితంగా చెబుతుంటే, చెప్పినవాళ్లనే చంపుతామా?

వీటివల్ల నష్టమే లేదని నేననను. లేత మొలకలను అప్పుడప్పుడు కొరుకుతాయి. కానీ కుట్టవు, కరవవు. వీటి ముఖ్యమైన తిండి రాలిన ఆకులు, కుళ్లిన కట్టె. వాటిని తిని మట్టిలో కలపడమే వీటి పని.

ఇక పేవర్ బ్లాకులు. మే నెలలో 47, 48 డిగ్రీలు చూసే ఊరు మన చంద్రపూర్. ఇలాంటి ఊళ్లో చెట్టు నీడన కాస్త తడి మట్టి మిగిలిందంటే అది మన ఆస్తి. దాన్ని కప్పేస్తే పగలంతా బ్లాకులు కాలతాయి, వాన నీళ్లు నేలలోకి ఇంకే బదులు ఎక్కువగా కాలువలోకి పోతాయి.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. మందుకు పెట్టే డబ్బుతో పైపు బాగు చేయిద్దాం, కూలర్ నీళ్లు చెట్ల మొదళ్లకు మళ్లిద్దాం. ఆకులు తగలబెట్టకుండా వెనక మూలన గుంత తీసి అందులో వేద్దాం. పెద్దవాళ్లు నడవడానికి ఇబ్బంది లేకుండా దారి వరకే బ్లాకులు వేయిద్దాం.

ఒప్పుకోనివాళ్లు కింద రాయండి, సమావేశానికి ముందే మాట్లాడుకుందాం.